లాస్ ఏంజెలెస్ కౌంటీలో అరెస్టు, జైలు బుకింగ్ రికార్డులు

నిర్వచనం

అరెస్టయిన వ్యక్తిని పోలీసులు నిర్బంధ కేంద్రంలో అప్పగించినప్పుడు అతని పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, అరెస్టు చేసిన సంస్థ, మోపిన ఆరోపణ, బెయిల్ మొత్తం మొదలైన వివరాలతో అక్కడి సిబ్బంది చేసే నమోదును అమెరికాలో బుకింగ్ అంటారు. అరెస్టును పోలీసు దస్త్రాల్లో నమోదు చేయడం, వేలిముద్రలు తీసుకోవడం, ఫొటో తీయడం అనే పనుల్లో ఏ ఒక్కటి జరిగినా అది బుకింగే అవుతుందని కాలిఫోర్నియా శిక్షాస్మృతి 7వ సెక్షన్ నిర్వచిస్తోంది. అరెస్టు రికార్డు పరిధి ఇంతకన్నా విశాలమైనది. కోర్టుకు హాజరు కావాలని చీటీ రాసిచ్చి రోడ్డు మీదే వదిలేసిన వ్యక్తికి అరెస్టు రికార్డు ఉండి బుకింగ్ లేకపోవచ్చు. శిక్ష అనుభవించడానికి తనంతట తాను లొంగిపోయిన వ్యక్తికి కొత్త అరెస్టు లేకుండానే బుకింగ్ ఉండవచ్చు.

ఈ రెండూ ఒక మనిషి ప్రభుత్వ నిర్బంధంలోకి వెళ్లాడని మాత్రమే చెబుతాయి. అతను నేరం చేశాడా లేదా అన్నది తేల్చేది కోర్టు తీర్పు, ఆ తీర్పు ఉండేది మరో కార్యాలయం దస్త్రంలో. ఈ రికార్డుల వల్ల జరిగే అన్యాయంలో ఎక్కువ భాగం ఈ తేడాను గమనించకపోవడం నుంచే పుడుతుంది.

కౌంటీ, షెరిఫ్, జైళ్లు

కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా పరంగా అమెరికాలో అతిపెద్దది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 1,00,14,009 మంది ఉన్నారు. కౌంటీ అంటే స్థూలంగా మన జిల్లా వంటి పాలనా విభాగం. దీని లోపల లాస్ ఏంజెలెస్ నగరంతో కలిపి 88 నగరాలున్నాయి. వీటిలో కొన్ని నగరాలకు సొంత పోలీసు శాఖలుండగా, మిగిలిన పలు నగరాలు కాంట్రాక్టు పద్ధతిలో కౌంటీ షెరిఫ్ శాఖ సేవలు పొందుతాయి. షెరిఫ్ ప్రజలు ఎన్నుకునే అధికారి. గస్తీ, దర్యాప్తులతో పాటు కౌంటీ జైళ్ల నిర్వహణ కూడా ఆయన బాధ్యతే కాబట్టి, అరెస్టు చేసింది ఏ నగర పోలీసులైనా నిర్బంధం కొనసాగితే ఆ వ్యక్తి చివరికి షెరిఫ్ అధీనంలోకే వస్తాడు.

మెన్స్ సెంట్రల్ జైలు 1963లో ప్రారంభమైంది. దాని పక్కనే 1997లో ట్విన్ టవర్స్ కేంద్రం వచ్చింది. పురుష ఖైదీలను తొలుత చేర్చుకునే రిసెప్షన్ విభాగం ఉన్నది ఈ సముదాయంలోనే. మహిళా ఖైదీలు ప్రధానంగా లిన్‌వుడ్‌లోని సెంచురీ రీజినల్ కేంద్రంలో ఉంటారు. ఉత్తరాన కొండల నడుమ కాస్టాయిక్ వద్ద, ఒకప్పటి షెరిఫ్ పీటర్ పిచెస్ పేరిట మరో పెద్ద సముదాయం ఉంది. ఇవన్నీ కలిపి ఇటీవలి సంవత్సరాల్లో ఏ రోజు చూసినా 12 వేల మందికి అటూ ఇటూగా ఖైదీలుంటారు. వీరిలో విచారణ ఖైదీలే కాక శిక్ష పడినవారూ ఉన్నారు. 2011లో అమల్లోకి వచ్చిన సంస్కరణ తరువాత తక్కువ తీవ్రత గల నేరాలకు రాష్ట్ర కారాగారం బదులు కౌంటీ జైలు శిక్ష విధించడం మొదలైంది. అందువల్ల జైలు జాబితాలో పేరు కనిపించినంత మాత్రాన ఆ వ్యక్తి ఏ దశలో ఉన్నాడో తెలియదు.

చట్ట ఆధారం, చరిత్ర

అరెస్టు వివరాలను బహిరంగంగా ఉంచడం వెనుక ఉన్న మూల ఉద్దేశం రహస్య నిర్బంధాన్ని నివారించడం. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, ఏ కారణంతో పట్టుకున్నారో, ఇప్పుడు ఎక్కడ ఉంచారో ఎవరైనా అడిగి తెలుసుకోగలిగితే మనుషులు మాయమయ్యే అవకాశం తగ్గుతుంది. కాలిఫోర్నియాలో ఈ హక్కుకు ఆధారం 1968 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం. 2023 జనవరి 1 నుంచి కొత్త సెక్షన్ సంఖ్యలతో అమల్లో ఉన్న ఈ చట్టం, దర్యాప్తు పత్రాలను గోప్యంగా ఉంచడానికి పోలీసులను అనుమతిస్తూనే, అరెస్టయిన ప్రతి వ్యక్తి పూర్తి పేరు, వృత్తి, పుట్టిన తేదీ, కళ్ల రంగు, జుట్టు రంగు, ఎత్తు, బరువు, అరెస్టు స్థలం, అరెస్టు సమయం, బుకింగ్ సమయం, అరెస్టుకు దారితీసిన పరిస్థితులు, బెయిల్ మొత్తం, విడుదలైన తీరు లేక ప్రస్తుతం ఉంచిన చోటు, పెండింగు వారంట్లతో సహా అన్ని ఆరోపణలూ వెల్లడించాలని ఆదేశిస్తుంది. ఒక వ్యక్తి భద్రతకు గాని, దర్యాప్తు విజయవంతంగా పూర్తి కావడానికి గాని ముప్పు కలిగించే అంశాలను మాత్రం ఆపవచ్చు.

ఈ జాబితాలో ఇంటి చిరునామా లేకపోవడం యాదృచ్ఛికం కాదు. 1996కు ముందు అరెస్టయినవారి చిరునామాలు సేకరించి న్యాయవాదులకు, బీమా కంపెనీలకు, డ్రైవింగ్ స్కూళ్లకు అమ్మే వ్యాపారం సాగేది. ఆ ఏడాది అమల్లోకి వచ్చిన సవరణ ద్వారా రాష్ట్రం, పాండిత్య, పాత్రికేయ, రాజకీయ, ప్రభుత్వ అవసరాలకో, లైసెన్సు ఉన్న ప్రైవేటు డిటెక్టివ్ దర్యాప్తుకో తప్ప చిరునామాలు ఇవ్వరాదని, సరుకులు, సేవలు అమ్ముకోవడానికి వాడరాదని కట్టడి చేసింది. లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ ఒక కక్షిదారుగా ఉన్న వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 1999లో, ఈ నిబంధన పైకి చూడగానే భావ ప్రకటన స్వేచ్ఛకు భంగమని కొట్టివేయడానికి నిరాకరించింది.

పాత అరెస్టుల మాట వచ్చేసరికి న్యాయస్థానాలు ఒక్క మాట మీద లేవు. ఇద్దరు డిప్యూటీ షెరిఫ్‌లు పదేళ్లలో చేసిన అరెస్టుల వివరాలు కావాలని ఒక న్యాయవాది కోరగా, 1993లో రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ చట్టం వర్తమాన పోలీసు చర్యలకే వర్తిస్తుందని, అది పాత చరిత్రను తవ్వి తీసే సాధనం కాదని ఈ కౌంటీకి అనుకూలంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వ సమాచార హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనను 2004లో ఓటర్లు ఆమోదించిన తరువాత, 2015లో శాన్ డియేగో కేసు విన్న మరో అప్పీలు ధర్మాసనం అలాంటి కాలపరిమితి ఏదీ చట్టంలో లేదని అభిప్రాయపడింది. ఫెడరల్ స్థాయిలో మాత్రం 1989లోనే సుప్రీంకోర్టు, విడివిడిగా బహిరంగమైన ఘటనలైనా వాటన్నిటినీ ఒకచోట కూర్చిన నేర చరిత్ర పట్టికను మూడో వ్యక్తికి ఇవ్వడం వ్యక్తిగత గోప్యతకు భంగమేనని తేల్చింది. నేటి నిర్బంధం తెరిచి ఉండాలి, ఒకరి గతమంతా ఒకే కాగితం మీద ఎవరికి పడితే వారికి దొరకకూడదు అన్న ఈ విభజనే కాలిఫోర్నియా వ్యవస్థకు వెన్నెముక.

బుకింగ్ జరిగే తీరు

అరెస్టయిన వ్యక్తిని ముందుగా దగ్గరి స్టేషనుకు లేక నగర జైలుకు తీసుకెళ్తారు. అక్కడ వేలిముద్రలను లైవ్‌స్కాన్ యంత్రంతో తీసి రాష్ట్ర న్యాయశాఖ డేటాబేసుతో పోలుస్తారు, ఫొటో తీస్తారు, ఒంటి మీది వస్తువులను జాబితా రాసి భద్రపరుస్తారు, ఆ నిర్బంధానికి మాత్రమే చెందే బుకింగ్ నంబరు ఇస్తారు. అదే మనిషి మళ్లీ అరెస్టయితే నంబరు మారుతుంది. బుకింగ్ అయిన వెంటనే, వీలుకాని పరిస్థితుల్లో తప్ప అరెస్టయిన మూడు గంటల లోపు, కనీసం మూడు ఫోన్ కాల్స్ చేసుకునే హక్కు చట్టం ఇస్తుంది; చిన్నపిల్లల బాధ్యత ఉన్నవారు వారి సంరక్షణ ఏర్పాటుకు మరో రెండు చేయవచ్చు. ఆచరణలో కుటుంబానికి కబురు అందేది జైలు జాబితా కన్నా ముందు ఈ ఫోన్ ద్వారానే.

తరువాతి ఘట్టం విడుదల లేక కోర్టు. నిర్బంధంలో ఉన్నవారిని ఆదివారాలు, సెలవులు మినహాయించి 48 గంటల్లోగా న్యాయాధికారి ముందు హాజరుపరచాలి. గడువు తీరే వేళకు కోర్టు మూసి ఉంటే మరుసటి పనిదినానికి పొడిగింపు ఉంటుంది. కాబట్టి శుక్రవారం సాయంత్రం అరెస్టయిన వ్యక్తి మంగళవారం గాని కోర్టు ముఖం చూడకపోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి ఈ కౌంటీ కోర్టు అమలు చేస్తున్న పద్ధతిలో హింసాయుతం కాని, తీవ్రం కాని చాలా ఆరోపణలకు నగదు బెయిల్ అడగకుండా చీటీ రాసిచ్చి వదిలేయడమో, బుకింగ్ కాగానే వదిలేయడమో జరుగుతోంది. ఇలాంటి వ్యక్తుల పేర్లు జైలు జాబితాలో కొద్ది గంటలే కనిపిస్తాయి, కొందరివి అసలు కనిపించవు.

తగిన ఆధారం లేదని పోలీసులే వదిలేసిన సందర్భానికి కాలిఫోర్నియా చట్టంలో ఒక మంచి నియమం ఉంది: అప్పుడు ఆ ఘటనను అరెస్టుగా లెక్కించరు, కేవలం ఆపి ఉంచడంగానే పరిగణిస్తారు, ఆ మేరకు ధ్రువపత్రం కూడా ఇస్తారు.

రికార్డులు, వాటిని ఉంచే కార్యాలయాలు

ఒకే అరెస్టుకు సంబంధించిన కాగితాలు నాలుగు చోట్ల ఉంటాయి, ఒకచోట దొరికేది మరోచోట దొరకదు. అరెస్టు నివేదిక, ఘటన వివరాలు పట్టుకున్న పోలీసు శాఖ దగ్గర ఉంటాయి. బుకింగ్, కస్టడీ, విడుదల వివరాలు షెరిఫ్ దగ్గర ఉంటాయి. అభియోగపత్రం, వాయిదాలు, తీర్పు సుపీరియర్ కోర్టు దస్త్రంలో ఉంటాయి. జీవితకాలపు నేర చరిత్ర పట్టిక రాష్ట్ర న్యాయశాఖ వద్ద గోప్యంగా ఉంటుంది. అర్హత లేనివారికి దాన్ని అందించడం నేరం. తన పట్టికను తాను చూసుకోదలచిన వ్యక్తి మాత్రం వేలిముద్రలిచ్చి, 25 డాలర్ల రుసుము కట్టి తెప్పించుకోవచ్చు.

వెతికే పద్ధతి

ఇప్పుడు జైల్లో ఉన్న వ్యక్తి గురించి తెలుసుకోవడానికి షెరిఫ్ శాఖ వెబ్‌సైటులోని ఖైదీల సమాచార విభాగమే మొదటి మెట్టు. ఇంటిపేరు, సొంత పేరుతో గాని, బుకింగ్ నంబరుతో గాని ఇక్కడ ఉచితంగా వెతకవచ్చు. ఫోన్ ద్వారా అడిగే సౌకర్యమూ ఉంది. అరెస్టయిన మొదటి గంటల్లో పేరు కనిపించకపోతే ఆ వ్యక్తి నిర్బంధంలో లేడని అనుకోరాదు. బుకింగ్ పూర్తి కాకపోవచ్చు, ఆసుపత్రిలో ఉండవచ్చు, చిన్న నగర జైల్లోనే ఉండవచ్చు. అప్పుడు అరెస్టు జరిగిన ప్రాంతపు పోలీసు స్టేషనుకే ఫోన్ చేయడం సరైన దారి.

విడుదలైపోయినవారి వివరాలకు, ఘటన నేపథ్యానికి సంబంధిత శాఖకు పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. కారణం చెప్పనక్కర లేదు. ఇవ్వదగిన సమాచారమా కాదా అన్నది శాఖ 10 రోజుల్లో తేల్చి చెప్పాలి. ప్రత్యేక పరిస్థితుల్లో మరో 14 రోజులు తీసుకోవచ్చు.

కోర్టు దస్త్రాలకు వస్తే, కేసు నంబరు తెలిసినవారికి పని సులువు. పేరుతో వెతకాలంటే ప్రతి వెతుకులాటకూ రుసుము ఉంది. పైగా 2021లో అప్పీలు కోర్టు రివర్‌సైడ్ కౌంటీ కేసులో, పుట్టిన తేదీ, డ్రైవింగ్ లైసెన్సు నంబరు ఆధారంగా కోర్టు సూచికను జల్లెడ పట్టే సౌకర్యం నియమ విరుద్ధమని తీర్పిచ్చింది. గోప్యతకు ఇది మేలే. అయితే ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరు ఎవరో తేల్చడం కష్టమైంది, ఆ భారం నిర్దోషి అయిన రెండో మనిషి మీద పడే ప్రమాదమూ ఉంది.

బాధితుల కోసం వైన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో నమోదైతే ఖైదీ విడుదల, బదిలీ సమాచారం ఫోన్, సందేశం ద్వారా అందుతుంది. బెయిల్ మీద బయటకొచ్చిన మాజీ ప్రియుడి చేతిలో ఒక యువతి 1993లో హత్యకు గురికాగా, అతని విడుదల ముందుగా తెలియని ఆ కుటుంబం చేసిన పోరాటం వల్ల 1994లో కెంటకీ రాష్ట్రంలో మొదలైన వ్యవస్థ ఇది.

రికార్డును చదవడం

జైలు రికార్డులో ఆరోపణ గడిలో సాధారణంగా సెక్షన్ సంఖ్య, దాని పక్కన చట్టం పేరుకు సంకేతాక్షరాలు ఉంటాయి. 459 పీసీ అంటే శిక్షాస్మృతి ప్రకారం దొంగతనం లేక మరో తీవ్ర నేరం చేసే ఉద్దేశంతో కట్టడంలోకి చొరబడటం. 211 పీసీ దోపిడీ. 23152 వీసీ అంటే వాహన చట్టం కింద మత్తులో బండి నడపడం. ఆరోపణ స్థాయిని తెలిపే అక్షరాల్లో ఎఫ్ ఉంటే ఫెలనీ, అంటే తీవ్ర నేరం. ఎం ఉంటే మిస్‌డిమీనర్, అంటే సాధారణంగా గరిష్ఠంగా ఏడాది లోపు జైలు పడే తేలికపాటి నేరం. ఈ సంఖ్యలు అరెస్టు చేసిన పోలీసు రాసినవన్నది ఇక్కడ కీలకం. జిల్లా అటార్నీ కార్యాలయం కాగితాలు చూసి వేరే సెక్షన్ కింద అభియోగం దాఖలు చేయవచ్చు, అసలు దాఖలు చేయకపోవచ్చు. బుకింగ్ రికార్డులో 459 అని, కోర్టు దస్త్రంలో చిల్లర దొంగతనం సెక్షన్ అని ఉంటే అందులో వైరుధ్యం లేదు; రెండోదే అసలు కేసు.

బెయిల్ గడిలో మొత్తం బదులు బెయిల్ లేదని రాసి ఉండటానికి కారణాలు అనేకం: ప్రొబేషన్ లేక పెరోల్ ఉల్లంఘన, మరో కౌంటీ వారంటు, న్యాయాధికారి నిర్ణయం కోసం నిరీక్షణ. దాన్ని బట్టి నేర తీవ్రతను అంచనా వేయడం పొరపాటు.

తెలుగువారి పేర్లు, విదేశీ పౌరులు

దక్షిణ కాలిఫోర్నియాలో చదువు, ఉద్యోగాల కోసం స్థిరపడిన తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ఇంటిపేరు ముందు రాసే మన ఆచారం వల్ల పేరుతో వెతికేటప్పుడు చిక్కు వస్తుంది. అమెరికా రికార్డు పాస్‌పోర్టునో, డ్రైవింగ్ లైసెన్సునో అనుసరిస్తుంది గాని ఇంట్లో పిలిచే వరుసను కాదు. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, సొంత పేరు చోట తెలియదు అన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అన్న అక్షరాలు పడతాయి. అలాంటి వ్యక్తిని ఆ అక్షరాలతోనూ, పేర్లు తిరగేసీ, రెండు మాటల పేరును కలిపీ విడదీసీ వెతకాలి.

విదేశీ పౌరుడు అరెస్టయితే తన దేశ కాన్సులేటుకు తెలియజేసుకునే హక్కు ఉందని 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెబుతుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం నిర్బంధం రెండు గంటలు దాటితే ఆ సంగతి అతనికి వివరించాలి. కొన్ని దేశాల విషయంలో కాన్సులేటుకు తప్పనిసరిగా తెలపాలి గాని భారతదేశం ఆ జాబితాలో లేదు. కాబట్టి నిర్బంధంలో ఉన్న భారతీయుడు తానై అడిగితేనే కాన్సులేటుకు కబురు వెళుతుంది.

కౌంటీ జాబితాలో లేనివారు

ఫెడరల్ కారాగారాల్లో ఉన్నవారి కోసం 1982 నుంచి వివరాలున్న ఫెడరల్ కారాగారాల శాఖ జాబితాను, రాష్ట్ర కారాగారాల కోసం కాలిఫోర్నియా దిద్దుబాటు శాఖ జాబితాను చూడాలి. వలస చట్టం కింద పట్టుకున్నవారు కౌంటీ జాబితాలో ఉండరు. వారి కోసం ఇమిగ్రేషన్ సంస్థ నడిపే వేరే వెతుకులాట పేజీలో విదేశీయులకిచ్చే ఏ-నంబరు, పుట్టిన దేశం గాని, పేరు, పుట్టిన దేశం గాని ఇవ్వాలి. 18 ఏళ్ల లోపు వారి వివరాలు అందులో దొరకవు. కౌంటీలోనూ బాలల కేసులు గోప్యమే.

ఫొటోలు, ప్రైవేటు వెబ్‌సైట్లు

బుకింగ్ ఫొటో విషయంలో రాష్ట్రాల మధ్య తేడా పెద్దది. ఫ్లోరిడాలోని పలు కౌంటీల్లో అది ఎవరికైనా కనిపిస్తుంది; కాలిఫోర్నియా అటార్నీ జనరల్ 2003లో ఇచ్చిన అభిప్రాయం దాన్ని ఇవ్వడం, ఇవ్వకపోవడం పోలీసు శాఖ విచక్షణకు వదిలింది. ఈ ఫొటోలను మూటగట్టి వెబ్‌సైట్లలో పెట్టి, తీసేయాలంటే డబ్బు కట్టమనే వ్యాపారం పెరగడంతో, అలా రుసుము అడగడాన్ని కాలిఫోర్నియా 2015 నుంచి నిషేధించింది. హింసాయుతం కాని నేరానుమానంపై అరెస్టయినవారి ఫొటోలను పోలీసులు సామాజిక మాధ్యమాల్లో పెట్టడంపై 2022 నుంచి ఆంక్షలున్నాయి. అరిజోనాలోని మారికోపా కౌంటీ షెరిఫ్ విచారణకు ముందే అందరి ఫొటోలూ వెబ్‌సైటులో పెట్టడం శిక్ష వేయడంతో సమానమన్న వాదనను 2024లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అంగీకరించి దావా సాగడానికి అనుమతించింది. కాలిఫోర్నియా కూడా ఆ కోర్టు పరిధిలోదే.

నేపథ్య తనిఖీ సంస్థలకు వేరే కట్టుబాట్లున్నాయి. శిక్షకు దారితీయని అరెస్టు గురించి ఉద్యోగ దరఖాస్తుదారును అడగడం గాని, దాని ఆధారంగా ఉద్యోగం నిరాకరించడం గాని కాలిఫోర్నియా కార్మిక చట్టం సాధారణంగా అనుమతించదు.

రికార్డు మూసివేత

శిక్షకు దారితీయని అరెస్టు రికార్డును మూసివేయమని కోర్టును కోరే హక్కు 2018 జనవరి నుంచి విస్తృతంగా లభిస్తోంది. మంజూరైతే కొన్ని మినహాయింపులతో ఆ అరెస్టు జరగనట్టే లెక్క. తాను వాస్తవంగా నిర్దోషినని నిరూపించుకోగలిగిన వ్యక్తికి ఇంతకన్నా బలమైన పాత మార్గం ఉంది. అందులో రికార్డును మూడేళ్లు సీలు చేసి ఆపై ధ్వంసం చేస్తారు. 2019లో చేసిన చట్టం అర్హమైన కేసుల్లో దరఖాస్తు లేకుండానే, మొదట చెప్పిన మూసివేత ఉపశమనం కల్పించే ఏర్పాటు చేసింది. కోర్టు మూసిన రికార్డు ప్రైవేటు వెబ్‌సైటులో మిగిలిపోవడమే ఇప్పటికీ పరిష్కారం కాని చిక్కు.

విడుదల తేదీ వివాదం

2018లో అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా వాల్యూస్ చట్టం ఖైదీల విడుదల తేదీలను వలస అధికారులకు ఇవ్వకుండా స్థానిక పోలీసులను కట్టడి చేసింది, అయితే అప్పటికే ప్రజలకు అందుబాటులో ఉన్న సమాచారాన్ని మినహాయించింది. ఆ ఏడాది మార్చిలో పొరుగున ఉన్న ఆరెంజ్ కౌంటీ షెరిఫ్ శాఖ విడుదల తేదీలను వెబ్‌సైటులో పెట్టడం మొదలుపెట్టింది. బాధితులకు, కుటుంబాలకు ఉపయోగపడే అదే గడి మరొకరికి వలపన్నే సాధనం కాగలదని ఈ ఉదంతం చూపింది; బహిరంగ రికార్డు ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇంత సూటైన ఉదాహరణ మరొకటి లేదు.

భారతదేశంతో పోలిక

డి.కె. బసు కేసులో భారత సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన ఆదేశాలు అరెస్టు సమాచారాన్ని బంధువులకు, జిల్లా కంట్రోల్ రూముకు అందించాలని నిర్దేశించాయి. తరువాత నేర విచారణ స్మృతిలో చేరిన 41-సి సెక్షన్ అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు ప్రదర్శించాలంది; 2024 జులై 1 నుంచి దాని స్థానంలో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ వాటితో పాటు నేర స్వభావం కూడా ప్రదర్శించాలంటోంది. కొత్త చట్టం డిజిటల్ ప్రదర్శనను కూడా పేర్కొంది. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. కాలిఫోర్నియా మూసి ఉంచిన చిరునామాను భారత చట్టం బహిరంగంగా ప్రదర్శించమంటోంది. లాస్ ఏంజెలెస్ కోర్టు రుసుము తీసుకునే పేరు వెతుకులాటను ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా కోర్టులతో సహా ఉచితంగా అందిస్తోంది.